నల్లగా, ఉప్పగా, పుల్లగా

ముందే ఒక మాట చెప్పేస్తా. నాకు పంతొమ్మిదేళ్లు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మందు తాగాలంటే 21 నిండాలి. కాబట్టి ఈ వ్యాసంలో ఉన్న బీరు నేను తాగలేదు. తాగింది మా అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు. జర్మనీలో లైప్‌జిగ్ అనే ఊళ్లో ఎమ్మెస్ చేస్తున్నాడు. అన్నయ్య అక్కడ గ్లాసు పట్టుకుని వీడియో కాల్‌లో చెప్తుంటే, నేను ఇక్కడ హాస్టల్ రూమ్‌లో నోట్సు రాసుకున్నా.

ఈసారి క్లబ్బు ఇచ్చిన టాపిక్ గుర్తుందిగా, "ఒక రుచి గురించి రాయండి". అందరూ ఆవకాయ రాస్తారని నాకు గ్యారంటీగా తెలుసు. తేడాగా ఉంటుందని నేను బీరు తీసుకున్నా. అదీ మామూలు బీరు కాదు: నల్లగా ఉండి, పుల్లగా, ఉప్పగా ఉండే బీరు.

మొదటి కాల్ పది నిమిషాల్లో అయిపోయింది. అన్నయ్య చెప్పింది చెప్పినట్టు టైప్ చేసి పంపేశా. "డార్క్‌గా ఉంది, టార్ట్‌గా ఉంది, కొంచెం సెలైన్, కొంచెం ఫంకీ, ఫినిష్ క్లీన్‌గా ఉంది." అన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి కదా, తెలుగే అనుకున్నా. మా ఎడిటర్ అక్క డాక్యుమెంట్‌లో ఒక కామెంట్ పెట్టి వెనక్కి పంపింది: "ఫంకీ అంటే ఏ వాసన? నువ్వు తాగలేదు, నేను తాగలేదు, చదివేవాళ్లలో చాలామంది తాగి ఉండరు. మరి ఈ మాటలు ఎవరి నాలుక మీదివి?"

జవాబు చెప్పలేకపోయా. నేను నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. ఫంకీ అనే మాట వంద వీడియోల్లో విన్నా, కానీ దాని వెనక నాకు తెలిసిన వాసన ఒక్కటీ లేదు. అందుకే రెండో కాల్ చేశా. దానికి ముందు ఈ బీరేంటో కాస్త చదువుకున్నా. ముందు ఆ చదువుకున్నది చెప్తా.

దీని పేరు గోజ. 'గోస్' అనకూడదట, చివర్లో చిన్న 'జ' పలకాలి. మా రూమ్‌లో కరీంనగర్ వాడొకడున్నాడు. పేరు వినగానే "పేరే గోస, ఇగ తాగితే ఏం సుఖం" అన్నాడు. ఆ తర్వాత మా రూమ్‌లో దాన్ని ఎవరూ సరిగ్గా పలకలేదు.

హార్జ్ కొండల పక్కన గోస్లార్ అని పాత గనుల ఊరు ఉంది. ఆ ఊళ్లోంచి పారే ఏరు పేరు గోజ. బీరుకి ఆ పేరే వచ్చింది. అక్కడి నీళ్లే ఉప్పగా ఉండేవని, బీరులో ఉప్పదనం అలా మొదలైందని చెప్తారు. తర్వాత మాత్రం ఉప్పు కొలిచి వేయడమే పద్ధతి అయింది. ఉప్పుతో పాటు ధనియాలు కూడా వేస్తారు. ధనియాలే, మన ధనియాలే! మొలకెత్తించిన బార్లీతో పాటు గోధుమ ఎక్కువ పడుతుంది. 1516లో బవేరియాలో వచ్చిన బీరు చట్టం ప్రకారం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేం ఉండకూడదు. ఆ లెక్కన ఉప్పు, ధనియాలు వేసే గోజ బీరే కాదు. ప్రాంతీయ ప్రత్యేకత అనే మినహాయింపు మీద బతుకుతోంది.

గోస్లార్‌లో పుట్టినా ఇది స్థిరపడింది లైప్‌జిగ్‌లో. 1738 నాటికే ఆ ఊళ్లో దొరికేది. తర్వాత ఎంతగా కలిసిపోయిందంటే, 1900 వచ్చేసరికి అది లైప్‌జిగ్ సొంత బీరు అనుకునేవాళ్లు. అప్పటి సీసా గురించి చదివి నేను కాసేపు ఆగిపోయా. సీసా మెడ సన్నగా, చాలా పొడవుగా ఉండేది. మూత పెట్టేవాళ్లు కాదు. లోపల ఇంకా పులుస్తూనే ఉంటుంది కాబట్టి ఈస్ట్ మెల్లగా పైకి తేలి మెడలో గడ్డకట్టి, అదే బిరడా అయిపోయేది. బయటి నుంచి ఎవరూ ఏమీ చేయక్కర్లేదు, లోపల ఉన్నదే తనని తాను మూసుకుంటుంది. ఇంత మంచి డిజైన్ మా సిలబస్‌లో ఒక్కటి చూపించండి.

ఇక అసలు కథ. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి గోజ చేసే బ్రూవరీ ఒక్కటే మిగిలింది, డోల్నిట్జ్ అనే చోట. 1945లో దాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుని మూసేసింది. గోజ ఆగిపోయింది. 1949లో ఫ్రీడ్రిష్ వుర్ట్‌స్లర్ అనే ఆయన లైప్‌జిగ్‌లో చిన్న బ్రూవరీ పెట్టాడు. ఆయన అంతకుముందు డోల్నిట్జ్‌లో పనిచేసినవాడు కాబట్టి ఆ పద్ధతి తెలుసు. పోయేముందు దాన్ని సవతి కొడుకు గీడో ప్ఫ్నిస్టర్‌కి నేర్పాడు. 1966లో ఆ కొడుకు కూడా పోయాడు, బ్రూవరీ మూతపడింది. మళ్లీ ఆగిపోయింది.

ఇరవై ఏళ్లు. తర్వాత లోథార్ గోల్డ్‌హాన్ అనే ఆయన పాత గోజ పబ్బు ఒకటి బాగుచేయిద్దామనుకున్నాడు. దాని పేరు 'ఓనె బెడెంకెన్', అంటే సంకోచం అక్కర్లేదు అని. పబ్బు బాగైంది గానీ అందులో పోయడానికి గోజ ఎక్కడిది? అప్పుడు ఆయన ఒక పని చేశాడు. ఒకప్పుడు గోజ తాగిన వాళ్లని వెతికి పట్టుకుని, ఎలా ఉండేదో చెప్పమని అడిగాడు. ఎంత పులుపు, ఎంత ఉప్పు, ఎలాంటి వాసన. వాళ్లు చెప్పినదాన్ని బట్టి రుచిని గుర్తుపట్టి చేయించాడు. లైప్‌జిగ్‌లో ఎవరూ చేయమంటే తూర్పు బెర్లిన్‌లో ఇంకో పుల్లటి బీరు చేసే బ్రూవరీ ఒప్పుకుంది. 1986లో గోజ మళ్లీ వచ్చింది.

ఇది చదివాక ఎడిటర్ అక్క కామెంట్ ఇంకోసారి తెరిచి చూసుకున్నా. ఆ ముసలివాళ్లు "ఫంకీగా ఉండేది, ఫినిష్ క్లీన్" అని ఊరుకుని ఉంటే గోల్డ్‌హాన్ ఏం చేసుండేవాడు?

సరే, పులుపు ఎలా వస్తుందో చూద్దాం. మన భాషలో దీనికి పాఠం అక్కర్లేదు, తోడు వేయడం అంటే చాలు. మొలకల ధాన్యాన్ని వేడినీళ్లలో నానబెడితే తియ్యటి నీళ్లు వస్తాయి. ఇప్పటి బ్రూవరీలు చాలావరకు ఆ నీళ్లని గోరువెచ్చగా, 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంచి, లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా వేస్తాయి. పాలు పెరుగవడానికి పనిచేసే కుటుంబమే అది. ఒకట్రెండు రోజుల్లో లాక్టిక్ యాసిడ్ తయారై పులుపెక్కుతుంది. కావలసినంత పులిశాక మరిగించి బ్యాక్టీరియాని చంపేస్తారు. ఆ తర్వాతే ఈస్ట్ వేసి ఆల్కహాల్ చేయిస్తారు. వరస తప్పకూడదు. హాప్స్ ముందే ఎక్కువ వేస్తే ఈ బ్యాక్టీరియా బతకదు, పులుపు రాదు. అందుకే గోజలో హాప్స్ నామమాత్రం, హాప్స్ చేదు కూడా దాదాపు ఉండదు.

ఎంత పులుపంటే, మామూలు బీరు పీహెచ్ 4 నుంచి 4.5 ఉంటుంది. గోజ 3.3 దగ్గర తిరుగుతుంది. తేడా ఒక అంకే కదా అనుకోకండి. పీహెచ్ లాగరిథమ్ స్కేలు, ఒక అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు. బీరు అనుకుని తాగినవాడి మొహం ఎందుకు ముడుచుకుంటుందో అర్థమైందిగా.

మామూలు గోజ లేత పసుపు రంగులో, కాస్త మసగ్గా ఉంటుంది. అన్నయ్య తెచ్చింది మాత్రం ఒక చిన్న బ్రూవరీ చేసిన నల్ల గోజ, సంప్రదాయంలో లేనిది. నలుపు ఎక్కడి నుంచి వస్తుందంటే, మాల్ట్‌ని కాఫీ గింజల్లా నల్లగా వేయించడం వల్ల. 1817లో ఇంగ్లండ్‌లో డేనియల్ వీలర్ ఈ వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ మాల్ట్ కొంచెం వేసినా చాలు, మొత్తం నల్లబడుతుంది. కానీ రంగుతో పాటు మాడు చేదు, వగరు కూడా వస్తాయి. పులుపు మీద మాడు చేదు పడితే గొడవే. నిమ్మరసం పిండిన బ్లాక్ కాఫీ ఊహించుకోండి. అందుకే చాలామంది దీని జోలికి పోరు. ఈ నల్ల గోజ చేసినవాళ్లకి ధైర్యం ఇచ్చింది ఉప్పే అయ్యుంటుందని నా అనుమానం. ఎందుకో కింద చెప్తా.

ఇప్పుడు రెండో కాల్. ఈసారి అన్నయ్యకి ఒక రూల్ పెట్టా. ఇంగ్లీష్ విశేషణం ఒక్కటి కూడా వాడకూడదు, మన ఇంట్లో తిన్నదాంతోనో తాగినదాంతోనో పోల్చాలి. "నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నావా, వైవా పెడుతున్నావారా?" అన్నాడు.

సీసా ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బయట పెట్టమన్నా. మరీ చల్లగా ఉంటే వాసన తెలియదు. గ్లాసులో పోశాడు. రంగు ఏంటి అంటే నలుపు అన్నాడు. లైటుకి పెట్టి చూడమన్నా. "అంచు దగ్గర నేరేడు పండు పిసికినట్టుంది" అన్నాడు. నురుగు లేత గోధుమ రంగులో వచ్చి త్వరగానే చచ్చిపోయింది.

వాసన చూసి చాలాసేపు మాట్లాడలేదు. నేను ఆపుకోలేక "కాఫీనా?" అన్నా. అలా అడగకూడదు, సాక్షికి జవాబు అందించినట్టే. "కాఫీ తర్వాత. ముందు ధనియాలు. ధనియాలు వేయించి దంచి చారులో వేస్తారు చూడు, అది. చల్లారిపోయిన చారు, అడుగు కొంచెం మాడింది." ధనియాల నూనెలో ముఖ్యమైన వాసన పదార్థం లినలూల్. అందులో కొంచెం నిమ్మజాతి వాసన ఉంటుంది. చారు అనే మాట నాకు ఆ రోజు దొరికిన మొదటి లాభం. డార్క్ అని రాస్తే మీకేం తెలుస్తుంది? అడుగు మాడిన చారు అంటే మెస్సులో తిన్న ప్రతివాడికీ తెలుసు.

మొదటి గుక్క. చారు మాట వెనక్కి తీసుకున్నాడు. "చింతపండు పులుపు కాదురా ఇది. అది పళ్లని పట్టుకుంటుంది. ఇది గుండ్రంగా ఉంది, మింగాక వస్తోంది." కరెక్టే. చింతపండులో ఉండేది టార్టారిక్ యాసిడ్, ఇందులో ఉండేది లాక్టిక్. మనం రెండింటినీ పులుపు అనే అంటాం, నాలుక మాత్రం ఒకటనుకోదు. పులిసిన మజ్జిగా అని అడగబోయి ఈసారి నోరు మూసుకున్నా.

రెండో గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఇది అమ్మమ్మ తరవాణిరా."

నేనేం అనలేదు. తను కూడా కాసేపు ఏం అనలేదు. నెట్ పోయిందేమో అని హలో హలో అన్నా.

తెలియనివాళ్ల కోసం: తరవాణి అంటే గంజి, అన్నం కుండలో పోసి పులవబెట్టిన నీళ్లు. మా అమ్మమ్మ వాళ్లది గోదావరి జిల్లా. వంటింటి మూల మట్టి కుండ ఉండేది, మూతికి గుడ్డ కట్టి. ఎండాకాలం పొద్దున్నే అందులోంచి తేట వంచి, ఉప్పు వేసి, దబ్బాకు నలిపి ఇచ్చేది. అన్నయ్య సెలవులంతా అక్కడే ఉండేవాడు, రోజూ తాగేవాడు. నేను ఒక్కసారే తాగా, ఆరేళ్లప్పుడు, అదీ ఉమ్మేశా. అమ్మమ్మ నవ్వింది. నేను టెన్త్‌లో ఉండగా పోయింది. కుండ ఏమైందో ఎవరికీ తెలియదు.

అంటే అక్క అడిగిన నాలుక అన్నయ్యకి ఉంది, నాకు లేదు. ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగానే ఉంది.

మిగతాది త్వరగా చెప్పేస్తా. ఉప్పు విడిగా తెలియలేదట, "ఉప్పు వేశారని చెప్తే తెలుస్తుంది, అంతే". చివర్లో నాలుక కొంచెం బిగుసుకుంది, ఉప్పు అద్దుకుని నేరేడు పళ్లు తిన్నాక ఉండే వగరు. నల్ల మాల్ట్ చేదు అక్కడే కాస్త కనిపించి పోయింది. తియ్యదనం దాదాపు లేదు. అన్ని రుచులూ ఉన్నాయి కదా, ఉగాది పచ్చడి అని రాసెయ్యనా అని అడిగా. "ఏ రుచి చెప్పలేనప్పుడు చెప్పే మాట అది" అన్నాడు. కొట్టేశా.

అయినా నా నాలుకకి కూడా ఏదో ఒకటి తెలియాలి కదా. అందుకే ఆల్కహాల్ లేకుండా దీని అస్థిపంజరం ఒకటి రూమ్‌లో కట్టా. మీరూ చేయొచ్చు. మెస్సు మజ్జిగ ఒక రాత్రి బయట పెడితే బాగా పులుస్తుంది, కదపకుండా పై తేట వంచుకోవాలి. లాక్టిక్ యాసిడ్ అందులో ఉంది. చక్కెర వేయని కాఫీ డికాక్షన్ రెండు చెంచాలు, వేయించిన మాల్ట్ బదులు. ధనియాలు చితక్కొట్టి పది నిమిషాలు నానేసి వడకట్టా. మూడు గ్లాసులు. ఒకటో దాంట్లో ఇంతే. రెండో దాంట్లో చిటికెడు ఉప్పు. మూడో దాంట్లో ఉప్పు, సోడా. డికాక్షన్ మూడింట్లోనూ చెంచాతో కొలిచి సమానంగానే పోశా. ఏది ఏదో చెప్పకుండా ముగ్గురు రూమ్మేట్లకి ఇచ్చా.

ముగ్గురూ ఒకటోదే ఎక్కువ చేదు అన్నారు. ముగ్గురి మీద చేసినదాన్ని ప్రయోగం అనరని మా స్టాటిస్టిక్స్ సార్ అంటారు, ఒప్పుకుంటా. కానీ విషయం కొత్తది కాదు. సోడియం కొన్ని రకాల చేదుని మనకి తక్కువగా తెలిసేలా చేస్తుంది. పంపరపనస తొన మీద ఉప్పు చల్లుకునేవాళ్లకి ఇది ఎప్పుడో తెలుసు. నల్ల గోజలో పులుపుకీ మాడు చేదుకీ మధ్య ఉప్పు చేసే పని ఇదే అనుకుంటున్నా. ఉప్పగా అనిపించడం కోసం కాదు, ఇద్దరి మధ్య కూర్చోవడం కోసం.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం వాళ్ల మాటలు. కరీంనగర్ వాడు సోడా గ్లాసు తాగి "పులిసిన కల్లు లెక్కున్నది" అన్నాడు. మాకు ఎవరూ పోయలేదుగా, నీకెలా తెలుసురా అంటే "మా తాతని అడుగు" అన్నాడు. శ్రీకాకుళం వాడు రెండో గ్లాసు పట్టుకుని "చోడంబలి నాగుంది, మాడిపోయిన చోడంబలి" అన్నాడు. చోళ్లు అంటే రాగులు. పులిసిన అంబలి, మజ్జిగ, ఉప్పు: ముదురు రంగు, పులుపు, ఉప్పదనం మూడూ వాడు రోజూ పొద్దున్నే తాగి స్కూలుకెళ్లేవాడు. లైప్‌జిగ్‌లో సీసా మీద వింత అని రాసి అమ్మే కలయిక వాడికి వింత కాదు. అయితే రెండూ ఒకటే అని మాత్రం అనను. అంబలికి చిక్కదనం ఉంది, వేయించిన చేదు లేదు. అనంతపురం వాడు పోలికలేం చెప్పలేదు. "రెండోది ఇంకొంచెం పోయ్" అన్నాడు.

నేను మూడూ తాగా. రెండోది తాగినప్పుడు నాలుక ఏదో గుర్తు చేసుకోబోయి ఆగిపోయింది. ఆరేళ్లప్పుడు ఉమ్మేసిన గుక్క కావచ్చు, కాకపోవచ్చు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి తరవాణి కుండ ఎలా మొదలుపెడతారని అడిగా. అన్నంలో గంజి పోసి వదిలేయడమే అంది. నమ్మకంగా చెప్పలేదు. పెద్దమ్మకి చేస్తే, గంజి కాదు, ముందు బియ్యం కడిగిన నీళ్లతో మొదలుపెట్టాలి అంది. ఇద్దర్నీ కాన్ఫరెన్స్‌లో కలిపా. ఇరవై నిమిషాలు వాదించుకున్నారు, మధ్యలో అమ్మమ్మ కుండని ఏ రోజు కడిగేది అన్న దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. దబ్బాకు విషయంలో మాత్రం ఒక్క మాట మీద ఉన్నారు. పైన రంగు బూజు కనిపిస్తే ఆలోచించకుండా పారబోయమంది పెద్దమ్మ.

మట్టి కుండ కాలేజీ గేటు ముందు మొక్కలమ్మే ఆయన దగ్గర దొరికింది. పెద్దమ్మ పద్ధతిలో మొదలుపెట్టి, అమ్మ పద్ధతిలో గంజి పోస్తున్నా. ఈ రోజు మూడో రోజు. కిటికీ దగ్గర పెట్టానని రూమ్మేట్లు గొడవ చేస్తున్నారు. అన్నయ్య పొద్దున వాయిస్ మెసేజ్ పెట్టాడు, "పులుపెక్కిందా?" అని. చెంచాతో తీసి చూశా. అన్నం వాసన పోలేదు, పులుపు ఇప్పుడిప్పుడే తగులుతోంది, పెరుగు తోడుకుంటున్నప్పుడు మధ్యలో తీస్తే ఉంటుందే, అంత. ఉప్పు ఇంకా వేయలేదు. ఇదే టైప్ చేసి పంపా.

"ఇంకో రెండు రోజులు ఆగు" అని రిప్లై వచ్చింది.